షాపు కంప్యూటర్ల స్టార్ట్ మెనూ సర్దుబాటు: ప్రాజెక్టు డైరీ

పని పరిధి

డీటీపీ, జిరాక్స్, ఆన్‌లైన్ సర్వీసులు మూడూ నడిచే షాపు. ఐదు కంప్యూటర్లు. కౌంటర్‌లో ఒకటి, టైపింగ్‌కి రెండు, డిజైనింగ్‌కి ఒకటి, ట్యాలీకి ఒకటి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది కాబట్టి అన్నీ విండోస్ 11కి మారాయి. మారగానే అందరికీ ఇబ్బంది పెట్టింది స్టార్ట్ మెనూ. విండోస్ 10లో గుంపులు కట్టి, పేర్లు పెట్టి పేర్చుకున్న టైల్స్ అప్‌గ్రేడ్‌తో పాటు రావు. విండోస్ 11 మెనూలో టైల్స్ అనేవే లేవు, అన్నీ ఒకే సైజు ఐకాన్లు.

ఎవరి మెనూ వాళ్ల చేతికి అనువుగా ఉండాలి. ఒక కంప్యూటర్ పాడై కొత్తది పెడితే అదే అమరిక అరగంటలో తిరిగి రావాలి. పెద్ద అప్‌డేట్ వచ్చినా చెదరకూడదు. ఈ మూడూ కుదరాలంటే పైకి కనిపించే పిన్నుల (మెనూ పైభాగంలో అతికించుకునే ఐకాన్ల) మీద కాకుండా, కింద ఉండే షార్ట్‌కట్ల ఫోల్డర్ మీద ఎక్కువ సమయం పెట్టాలి. పిన్నులు విండోస్ తన సొంత పద్ధతిలో దాచుకునే ఒక బైనరీ ఫైల్లో ఉంటాయి, దాన్ని తెరిచి దిద్దలేం. షార్ట్‌కట్లు మాత్రం మామూలు ఫైళ్లు: కాపీ చేయొచ్చు, పేరు మార్చొచ్చు, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. మెనూ జాబితా, సెర్చ్, పిన్నులు మూడూ ఎక్కువగా ఆ ఫైళ్ల మీదే ఆధారపడతాయి.

ముందు లెక్క

ప్రతి మెషిన్ మీద విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి రన్ బాక్సులో విన్‌వెర్ కొట్టి వెర్షన్ రాసుకున్నాం. అన్నిట్లో 24హెచ్2 లేదా 25హెచ్2 ఉంది. అయినా మెనూలు ఒకేలా లేవు. 2025 అక్టోబరు చివర్లో ప్రివ్యూ అప్‌డేట్‌గా మొదలై, నవంబరు నుంచి అందరికీ చేరుతున్న కొత్త స్టార్ట్ మెనూ విడతల వారీగా వస్తోంది. ఒకే వెర్షన్ ఉన్న రెండు మెషిన్లలో ఒకదానికి పాతది, ఇంకోదానికి కొత్తది ఉండటం మామూలే. ఏది ఉందో చూడకుండా సెట్టింగ్స్ మార్చడం మొదలుపెడితే, చెప్పిన ఆప్షన్ కనిపించక సగంలో ఆగిపోతారు.

గుర్తుపట్టడం తేలిక. మెనూ తెరిచి కిందికి స్క్రోల్ చేస్తే యాప్‌ల జాబితా అదే పేజీలో వస్తే కొత్తది. యాప్‌లన్నీ చూడటానికి పైన కుడివైపు "ఆల్" అనే బటన్ నొక్కాల్సి వస్తే పాతది.

తర్వాత ఏ మెషిన్ మీద రోజూ నిజంగా ఏం తెరుస్తారో కాగితం మీద రాసుకున్నాం. ఉన్న ప్రోగ్రాములన్నీ ఒకచోట చూడాలంటే రన్ బాక్సులో "షెల్" తర్వాత కోలన్ పెట్టి "యాప్స్‌ఫోల్డర్" అని ఇంగ్లిష్‌లో ఖాళీ లేకుండా కొట్టాలి. ఆ జాబితా పొడుగ్గానే ఉంటుంది. రోజూ చెయ్యి పడేవి మాత్రం టైపింగ్ మెషిన్ మీద కూడా పది దాటవు. ఆ పదీ తేలాకే మిగతా పని మొదలుపెట్టాలి. ముందు రంగులూ అమరికలూ చూసుకుని తర్వాత ప్రోగ్రాములు సర్దితే రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

మొదట తీసేయాల్సింది: రికమెండెడ్

కౌంటర్ మెషిన్‌తో మొదలుపెట్టాం, దానికి కారణం ఉంది. కస్టమర్ ఎదురుగా నిలబడి తెర చూస్తూ ఉంటారు. స్టార్ట్ నొక్కగానే కింద రికమెండెడ్ భాగంలో ఇందాక తెరిచిన ఫైళ్ల పేర్లు వస్తాయి. ఒకరి ఆధార్ స్కాన్, ఇంకొకరి బ్యాంకు పాస్‌బుక్, మరొకరి అఫిడవిట్. పేర్లతో సేవ్ చేసే అలవాటు ప్రతి షాపులోనూ ఉంటుంది. అవి పక్క కస్టమర్ కంట పడటం ఏమాత్రం మంచిది కాదు. అందం సంగతి తర్వాత, ఇది ముందు ఆపాలి.

సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో స్టార్ట్. అక్కడ ఆపినవి: కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన యాప్‌లు చూపడం, ఇటీవల తెరిచిన ఫైళ్లు చూపడం, బ్రౌజర్‌లో చూసిన సైట్లు చూపడం, చిట్కాలు, కొత్త యాప్‌ల సిఫార్సులు, అకౌంటుకి సంబంధించిన నోటిఫికేషన్లు. కొత్త మెనూ ఉన్న మెషిన్లలో ఇవన్నీ ఆపితే రికమెండెడ్ భాగం పూర్తిగా మాయమవుతుంది. పాత మెనూలో మాత్రం ఆ చోటు ఖాళీగా మిగిలి, ఫైళ్లు చూడాలంటే సెట్టింగ్స్‌లో ఆన్ చేయండి అనే వాక్యం కనిపిస్తూ ఉంటుంది. ఆ ఖాళీని తగ్గించడానికి అదే పేజీలో పైన "మోర్ పిన్స్" అమరిక ఎంచుకోవాలి. మామూలుగా వరుసకు 6 చొప్పున 3 వరుసలు, అంటే 18 పిన్నులు పడతాయి. దీంతో 4 వరుసలై 24 పడతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇటీవలి ఫైళ్ల స్విచ్ ఒక్క స్టార్ట్ మెనూకే పరిమితం కాదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించే ఇటీవలి ఫైళ్లూ, టాస్క్‌బార్‌లో వర్డ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే ఫైళ్ల జాబితా కూడా దాంతోనే ఆగిపోతాయి. టైపింగ్ మెషిన్ల మీద పనిచేసేవాళ్లు ఆ రైట్ క్లిక్ జాబితా మీదే ఆధారపడతారు. నిన్న సగంలో ఆపిన ఫైలు అక్కడి నుంచే తెరుస్తారు. ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసినా పాత జాబితా తిరిగి రాదు, అప్పటి నుంచి కొత్తగా మొదలవుతుంది. అందుకే ఈ స్విచ్ కౌంటర్, ట్యాలీ మెషిన్లలో మాత్రం ఆపి, కస్టమర్‌కి తెర కనిపించని టైపింగ్ మెషిన్లలో ఉంచేశాం. ఆపిన చోట కూడా వర్డ్ లోపల ఫైల్ మెనూలో ఇటీవలి ఫైళ్లు మామూలుగానే ఉంటాయి, అది వర్డ్ విడిగా రాసుకునే లెక్క.

ఎక్కువగా వాడే యాప్‌లు చూపే స్విచ్ కొన్నిచోట్ల నొక్కడానికి వీల్లేకుండా మసకగా కనిపిస్తుంది. యాప్‌లు ఎన్నిసార్లు తెరిచారో లెక్కపెట్టే అనుమతి ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఆపి ఉంటే అలా అవుతుంది. పిన్నులు సరిగా పెట్టుకున్నవాళ్లకి ఈ జాబితాతో పని లేదు, కాబట్టి అలాగే వదిలేశాం.

షార్ట్‌కట్ల ఫోల్డర్

అసలు పని ఇది. స్టార్ట్ మెనూ జాబితాకి వచ్చే షార్ట్‌కట్లు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి ఆ కంప్యూటర్లోని యూజర్లందరికీ, రెండోది లాగిన్ అయిన యూజర్‌కి మాత్రమే. రన్ బాక్సులో షెల్, కోలన్, కామన్, ఒక ఖాళీ, ప్రోగ్రామ్స్ అని ఇంగ్లిష్‌లో కొడితే మొదటిది తెరుచుకుంటుంది. కామన్ లేకుండా కొడితే రెండోది. షాపు పనికి సంబంధించినవన్నీ మొదటి దాంట్లోనే పెట్టాలి. అందులో మార్పులు చేయాలంటే అడ్మిన్ అనుమతి కావాలి. పనిచేసేవాళ్లందరికీ స్టాండర్డ్ అకౌంట్లు ఇచ్చాం కాబట్టి పొరపాటున ఎవరి చేతా చెరగవు.

అక్కడ నేరుగా కొత్త షార్ట్‌కట్ చేయబోతే విండోస్ ఒప్పుకోదు, డెస్క్‌టాప్ మీద చేయమంటావా అని అడుగుతుంది. సరే అని, డెస్క్‌టాప్ మీద తయారుచేసి, పరీక్షించి, తర్వాత లాక్కొచ్చి ఇందులో వేసి "కంటిన్యూ" నొక్కడమే సరైన పద్ధతి. పని చేయని షార్ట్‌కట్ మెనూలోకి వెళ్లకుండా ఉంటుంది కూడా.

జాబితా వరుస ఇలా నడుస్తుంది: గుర్తులతో మొదలయ్యే పేర్లు ముందు, తర్వాత # కింద అంకెలతో మొదలయ్యేవి, తర్వాత ఇంగ్లిష్ అక్షరాలు. విండోస్ ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగు అక్షరంతో మొదలయ్యే పేర్లు అన్నిటికన్నా చివర, గ్లోబు బొమ్మ కింద చేరతాయి. "అఫిడవిట్" అని తెలుగులో పేరు పెట్టిన షార్ట్‌కట్ "అ"తో మొదలైంది కదా అని పైన వెతికితే దొరకదు. పైకి రావాలంటే పేరు ముందు అంకె పెట్టాలి. అందుకే షాపు ఫోల్డరుకి "0 షాపు పనులు" అని పేరు పెట్టాం. ఏ మెషిన్ మీదైనా జాబితా తెరవగానే మొదటి చూపులోనే కనిపిస్తుంది.

కొత్త మెనూలో యాప్‌ల జాబితాకి మూడు రూపాలున్నాయి: వర్గాలు, గ్రిడ్, లిస్ట్. మొదట కనిపించే వర్గాల రూపం మన వరుసని పట్టించుకోదు. ఏ యాప్ ఏ వర్గమో విండోస్ తానే నిర్ణయిస్తుంది, ఒక వర్గానికి కనీసం 3 యాప్‌లు లేకపోతే అవన్నీ "అదర్"లో పడేస్తుంది. ఎవరి మెషిన్‌లో ఏది ఎటు పోతుందో చెప్పలేం. అన్నిట్లో లిస్ట్ రూపమే ఉంచాం.

ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టి ప్రయోజనం లేదు. విండోస్ మెనూ ఒక మెట్టు వరకే చూపిస్తుంది, లోపలి ఫోల్డర్లలో ఉన్నవన్నీ పై ఫోల్డర్లోనే కలిపి చూపించేస్తుంది. రెండు మెట్లుగా అర్జీలు ఒకచోట, అఫిడవిట్లు ఒకచోట పెడదామనుకుంటే అది పేర్లలోనే చూపించాలి.

ఇంకో చిక్కు చాలామందికి అంతుపట్టనిది: ఒకే ప్రోగ్రాముకి రెండు షార్ట్‌కట్లు పెడితే మెనూలో ఒకటే కనిపిస్తుంది. ఫైలు ఫోల్డర్లో ఉంటుంది, మెనూలో ఉండదు. టార్గెట్ (షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ఉండే, అది తెరిచే ప్రోగ్రామ్ చిరునామా) రెండింట్లోనూ అచ్చంగా ఒకటే అయితే విండోస్ రెండోదాన్ని దాచేస్తుంది. కోరెల్‌డ్రా షార్ట్‌కట్‌ని కాపీ చేసి షాపు ఫోల్డర్లో వేస్తే ఇలాగే మాయమవుతుంది. అసలుదాన్నే కదిపి ఇక్కడికి తెచ్చినా, ఆ ప్రోగ్రామ్ అప్‌డేట్ అయినప్పుడు ఇన్‌స్టాలర్ పాత చోట మళ్లీ ఒకటి పెడుతుంది. కాబట్టి మామూలు ప్రోగ్రాముల షార్ట్‌కట్లు వాటి చోటే వదిలేసి, మెనూ పైన పిన్ చేస్తే చాలు. షాపు ఫోల్డర్లో ఉండాల్సింది టార్గెట్ చివర ఏదైనా అదనపు ఆదేశం ఉన్నవే. అదనపు ఆదేశం వేరైతే విండోస్ వాటిని వేర్వేరుగా లెక్కపెడుతుంది, అన్నీ కనిపిస్తాయి.

ఆ అదనపు ఆదేశాలే ఈ ఫోల్డరుకి విలువ తెచ్చాయి. టైపింగ్ మెషిన్ల మీద అఫిడవిట్, తహసీల్దారుకి అర్జీ, అద్దె ఒప్పందం, బయోడేటా వంటివి రోజూ వస్తాయి. పాత కస్టమర్ ఫైలు తెరిచి పేర్లు మార్చి అలాగే సేవ్ చేసేస్తే పాతది పోతుంది. ఒక్కోసారి పాత పేరు కొత్త కాగితంలో ఉండిపోతుంది కూడా. దీనికి మందు వర్డ్ టెంప్లేట్లు. ఒక్కో రకానికి ఖాళీ నమూనా తయారుచేసి టెంప్లేట్ రకంగా సేవ్ చేసి, అన్నీ డీ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్లో పెట్టాం. షార్ట్‌కట్ టార్గెట్‌లో వర్డ్ ప్రోగ్రామ్ చిరునామా, ఒక ఖాళీ, స్లాష్, ఇంగ్లిష్ చిన్న టి, వెంటనే కోట్ గుర్తుల మధ్య టెంప్లేట్ ఫైలు పూర్తి చిరునామా. టి అక్షరానికీ కోట్ గుర్తుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఈ షార్ట్‌కట్ నొక్కితే ఆ నమూనాతో కొత్త డాక్యుమెంట్ తెరుచుకుంటుంది, నమూనా ఫైలు చెక్కుచెదరదు. సేవ్ నొక్కినప్పుడు పేరు అడుగుతుంది.

ప్రింటర్ల షార్ట్‌కట్లు

ప్రింట్ క్యూ చూడటానికి సెట్టింగ్స్‌లో నాలుగు మెట్లు దిగాలి. కస్టమర్లు వరుసలో ఉన్నప్పుడు అది కుదరదు. ఒక్కో ప్రింటరుకి ఒక షార్ట్‌కట్ పెట్టాం. టార్గెట్ ఇలా ఉంటుంది: రన్‌డీఎల్‌ఎల్32, ఒక ఖాళీ, ప్రింట్‌యూఐ.డీఎల్‌ఎల్, ఆ వెంటనే కామా, దాన్ని ఆనుకునే ప్రింట్‌యూఐఎంట్రీ, తర్వాత /ఓ, /ఎన్, చివర కోట్ గుర్తుల మధ్య ప్రింటర్ పేరు. అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే. ప్రింట్‌యూఐఎంట్రీలో పి, యు, ఐ, ఇ పెద్ద అక్షరాలు, మిగతావి చిన్నవి. అది తప్పితే పని చేయదు. కామాకి ముందూ వెనకా ఖాళీ వదలకూడదు.

ప్రింటర్ పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు పేరు చివర "కాపీ 1" అని చేరిపోతుంది, షార్ట్‌కట్ చచ్చిపోతుంది. అందుకే ముందుగా ప్రింటర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి కంపెనీ పెట్టిన పొడుగాటి పేరు తీసి, "బ్లాక్", "కలర్" అనే అర్థం వచ్చే చిన్న ఇంగ్లిష్ పేర్లు పెట్టాం. డ్రైవర్ మార్చినా ప్రింటర్‌కి మళ్లీ అదే పేరు పెడితే షార్ట్‌కట్ జోలికి వెళ్లక్కర్లేదు.

క్యూలో ఒక ప్రింటు ఇరుక్కుని కదలకపోతే స్పూలర్ (ప్రింట్లని వరుసలో పెట్టి ప్రింటరుకి పంపే విండోస్ సర్వీసు) ఆపి, విండోస్‌లోని సిస్టమ్32 కింద స్పూల్, దాని లోపల ప్రింటర్స్ ఫోల్డర్లో ఉన్న ఫైళ్లు తీసేసి, స్పూలర్ మళ్లీ మొదలుపెట్టాలి. ఈ మూడు పనులూ మూడు లైన్ల బ్యాచ్ ఫైలుగా రాసుకోవచ్చు. బ్యాచ్ ఫైలుకి నేరుగా పిన్ ఆప్షన్ రాదు. సీఎండీ ప్రోగ్రామ్, /సి, ఆ తర్వాత కోట్ గుర్తుల్లో బ్యాచ్ ఫైలు చిరునామా ఇచ్చి షార్ట్‌కట్ చేస్తే పిన్ అవుతుంది. ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి అడ్మినిస్ట్రేటర్‌గా నడపమని టిక్ పెట్టాలి, లేకపోతే స్పూలర్ ఆగదు. ఇది నొక్కితే వరుసలో ఉన్న ప్రింట్లన్నీ పోతాయి, ఇరుక్కున్నది ఒక్కటే కాదు. స్టాండర్డ్ అకౌంట్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది కాబట్టి దీన్ని ట్యాలీ మెషిన్ మీద, యజమాని అకౌంట్‌లో మాత్రమే పెట్టాం.

పేర్లు, తెలుగు కీబోర్డు, సెర్చ్

తెలుగు టైపింగ్ జరిగే మెషిన్లలో స్టార్ట్ మెనూ సెర్చ్‌కి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. విండోస్ కీ నొక్కి వర్డ్ అని కొట్టబోతే కీబోర్డు తెలుగులో ఉంటుంది, తెలుగు అక్షరాలు పడతాయి, ఏమీ దొరకదు. అను స్క్రిప్ట్ మేనేజర్ వంటి యూనికోడ్ కాని పద్ధతి (సొంత ఫాంట్లతోనే తెలుగు చూపించేది) ఆన్‌లో ఉంటే సెర్చ్ బాక్సులో అర్థం లేని గుర్తులు పడతాయి. ఆ అక్షరాలు వాటి ఫాంటుతోనే తెలుగుగా కనిపిస్తాయి, సెర్చ్ బాక్సుకి ఆ ఫాంటు ఉండదు. యూనికోడ్ కీబోర్డు అయితే విండోస్ కీ, స్పేస్ నొక్కి ఇంగ్లిష్‌కి మారొచ్చు. రోజుకి వందసార్లు మార్చమనడం న్యాయం కాదు.

పేర్లలోనే దీనికి పరిష్కారం దొరికింది. షాపు ఫోల్డర్లోని ప్రతి షార్ట్‌కట్‌కీ ఇంగ్లిష్ పేరు, పక్కన ఒక ఖాళీ, తెలుగు పేరు పెట్టాం. సెర్చ్ పేరులోని ఏ మాట మొదటి అక్షరాలతోనైనా పోల్చుకుంటుంది. ఇంగ్లిష్‌లో ఏఎఫ్ఎఫ్ కొట్టినా, తెలుగులో "అఫి" కొట్టినా అఫిడవిట్ నమూనా వస్తుంది. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డు వాడేవాళ్లకి ఇది బాగా కలిసొచ్చింది. యూనికోడ్ కాని పద్ధతిలో టైపు చేసేవాళ్లకి సెర్చ్ కంటే పిన్నులే దారి, వాళ్ల మెనూ ఆ లెక్కన పేర్చాం.

సెర్చ్‌లో ఇంటర్నెట్ ఫలితాలు రావడం ఆపడం తర్వాతి పని. హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు కాబట్టి రిజిస్ట్రీలోకి (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటుకి) వెళ్లాలి. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ వరకు దిగి, ఎక్స్‌ప్లోరర్ అనే కీ లేకపోతే తయారుచేయాలి. అందులో 32 బిట్ డీవర్డ్ విలువ ఒకటి సృష్టించి, డిసేబుల్, సెర్చ్, బాక్స్, సజెషన్స్ నాలుగు మాటలూ ఇంగ్లిష్‌లో కలిపి రాసి పేరుగా పెట్టి, విలువ 1 ఇవ్వాలి. సైన్ అవుట్ అయి మళ్లీ వస్తే అమలవుతుంది. ఇదంతా చేసే ముందు రిజిస్ట్రీలోని ఆ "విండోస్" అనే కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. ఇది యూజర్ వారీగా ఉండే సెట్టింగ్, కాబట్టి ప్రతి అకౌంట్‌లోనూ విడిగా చేయాలి. దీనికో పక్క ప్రభావం ఉంది: ఫైల్ ఎక్స్‌ప్లోరర్ సెర్చ్ బాక్సులో ఇంతకుముందు వెతికిన మాటలు చూపడం కూడా ఆగిపోతుంది. ఈ పాలసీ అసలు ఉద్దేశం అదే. షాపులో అది కూడా మంచికే.

కస్టమర్ల ఫైళ్ల పేర్లు సెర్చ్‌లో కూడా బయటపడతాయి. ఇండెక్సింగ్ (సెర్చ్ కోసం విండోస్ ముందే ఫైళ్ల జాబితా తయారుచేసుకోవడం) క్లాసిక్ పద్ధతిలో ఉంటే డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, డెస్క్‌టాప్ మాత్రమే ఇండెక్స్ అవుతాయి. స్కాన్లు సేవ్ అయ్యే చోటు డాక్యుమెంట్స్ నుంచి డీ డ్రైవ్‌కి మార్చి, ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో ఆ డ్రైవ్ లేదని సరిచూశాం. దాంతో కౌంటర్‌లో ఏ రెండు అక్షరాలు కొట్టినా ప్రోగ్రాములే వస్తున్నాయి, ఎవరి పేర్లూ రావడం లేదు.

పిన్నులు

ఇప్పుడు పిన్నులకి వచ్చాం. విండోస్‌తో వచ్చిన పిన్నులన్నీ రైట్ క్లిక్ చేసి తీసేశాం. వాటిలో కొన్ని ఇంకా ఇన్‌స్టాల్ కాని యాప్‌లవి, నొక్కితే అప్పుడు డౌన్‌లోడ్ అవుతాయి. డేటా మీద నడిచే షాపులో అలాంటివి ఉంచకూడదు.

కొత్తగా పిన్ చేసింది ఎప్పుడూ చివర చేరుతుంది, ఒక్కోసారి రెండో పేజీలో పడి కనిపించదు. పిన్ కాలేదనుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నించేవాళ్లు చాలామంది. స్క్రోల్ చేసి, దాని మీద రైట్ క్లిక్ చేసి "మూవ్ టు ఫ్రంట్" నొక్కితే మొదటికి వస్తుంది. ఒక ఐకాన్‌ని లాగి ఇంకోదాని మీద వదిలితే ఫోల్డర్ అవుతుంది, తెరిచి పేరు పెట్టుకోవచ్చు. కొత్త మెనూలో పిన్నులు మొదట 2 వరుసలే కనిపిస్తాయి. అన్నీ కనిపించాలంటే స్టార్ట్ సెట్టింగ్స్‌లో పిన్నులన్నీ ఎప్పుడూ చూపమనే స్విచ్ ఆన్ చేయాలి. తెర పెద్దదైతే వరుసకు 8, చిన్నదైతే 6 పడతాయి. స్కేలింగ్ (తెర మీద అక్షరాలు, ఐకాన్ల సైజు) మార్చితే వరుసలు కదులుతాయి, అందుకే స్కేలింగ్ ముందు ఖరారు చేసి తర్వాత పేర్చాలి.

ఎవరికి ఏం నచ్చిందో ఇక్కడ బాగా తేడా కనిపించింది. డిజైనింగ్ మెషిన్‌కి కోరెల్‌డ్రా, ఫొటోషాప్, ఫాంట్లు, రెండు ప్రింటర్ల క్యూలు, అంతే, మిగతా చోటంతా ఖాళీ. కౌంటర్‌కి ఎక్కువగా వెబ్‌సైట్లే. ఎడ్జ్‌లో సైటుని యాప్‌గా ఇన్‌స్టాల్ చేసి పిన్ చేశాం, విడి విండోలో తెరుచుకుంటుంది, పది ట్యాబుల్లో వెతుక్కోనక్కర్లేదు. పవర్ బటన్ పక్కన ఉండే ఫోల్డర్లలో డౌన్‌లోడ్స్, ఫైల్ ఎక్స్‌ప్లోరర్, సెట్టింగ్స్ మాత్రం ఆన్ చేశాం.

అమరిక పూర్తయ్యాక దాన్ని కాపీ తీసుకోవాలి. యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా, లోకల్, ప్యాకేజెస్ వరకు వెళ్లి, స్టార్ట్‌మెనూ ఎక్స్‌పీరియన్స్ హోస్ట్ అనే మాటలు పేరులో ఉన్న ఫోల్డర్ తెరిచి, లోకల్‌స్టేట్‌లో చూస్తే స్టార్ట్2.బిన్ అనే ఫైలు ఉంటుంది. పిన్నుల అమరిక మొత్తం అదే. ఇంకో అకౌంట్‌లో అదే అమరిక కావాలంటే, ఆ యూజర్ సైన్ అవుట్ అయి ఉండగా, అడ్మిన్ అకౌంట్ నుంచి ఆ చోటే ఈ ఫైలు వేయాలి. లాగిన్‌లో ఉండగా వేస్తే మెనూ ప్రాసెస్ తన దగ్గరున్నదాన్ని మళ్లీ దాని మీద రాసేస్తుంది. ఇకముందు తయారయ్యే యూజర్లందరికీ రావాలంటే యూజర్స్ ఫోల్డర్లో డిఫాల్ట్ అనే దాచిన ప్రొఫైల్‌లో అదే దారి తయారుచేసి వేయాలి.

మామూలు ప్రోగ్రాముల పిన్నులు షార్ట్‌కట్ ఫైళ్లని చూస్తాయి. ఆ షార్ట్‌కట్ ఒకే యూజర్ ఫోల్డర్లో ఉంటే, అమరిక కాపీ చేసిన చోట ఆ పిన్ రాదు. షాపు షార్ట్‌కట్లన్నీ కామన్ ఫోల్డర్లో పెట్టడం వల్ల అన్ని మెషిన్లలోనూ ఒక్క పిన్ కూడా జారిపోలేదు. టెంప్లేట్లు ప్రతి మెషిన్‌లో డీ డ్రైవ్‌లో ఒకే పేరున్న ఫోల్డర్లో ఉండాలన్న నియమం కూడా ఇందుకే.

పాత మెనూ కోరినవారికి ఓపెన్ షెల్

ట్యాలీ మెషిన్ మీద పనిచేసే పెద్దాయనకి విండోస్ 7 మెనూ చేతిలో ఇమిడిపోయింది. ఎడమ మూలకి వెళ్లి, ఆల్ ప్రోగ్రామ్స్ నొక్కి, ఫోల్డర్ల మీద నుంచి జారుకుంటూ వెళ్లడం ఆయన పద్ధతి. ఆ వేగం చూస్తే మార్చమనడం తప్పనిపిస్తుంది. క్లాసిక్ షెల్ అభివృద్ధిని దాని రూపకర్త 2017 చివర్లో ఆపి సోర్స్ కోడ్ విడుదల చేశాక, దాన్నే అందుకుని స్వచ్ఛందంగా కొనసాగిస్తున్న ఉచిత ప్రోగ్రామ్ ఓపెన్ షెల్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్టార్ట్ మెనూ ఒక్కటి ఉంచి, ఎక్స్‌ప్లోరర్‌కి సంబంధించిన భాగాలు వద్దన్నాం. మూడు రూపాల్లో విండోస్ 7 రూపం ఎంచుకుని, స్కిన్ ట్యాబులో పెద్ద అక్షరాలు పెట్టాం.

ఈ మెనూ కూడా అవే షార్ట్‌కట్ ఫోల్డర్లు చదువుతుంది. పైగా ఫోల్డర్ లోపలి ఫోల్డర్లని ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. షిఫ్ట్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే విండోస్ సొంత మెనూ వస్తుంది, అది కూడా సర్ది ఉంచాం. సెట్టింగ్స్ విండోలో బ్యాకప్ నొక్కి అన్నీ ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా దాచాం. ఇలాంటి ప్రోగ్రాములు విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ని పట్టుకుని పనిచేస్తాయి కాబట్టి పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు అవి పని చేయకపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఒకే మెషిన్ మీద ఇలాంటివి రెండు పెట్టకూడదు. మిగతా నాలుగింటి మీద వీటి అవసరం రాలేదు.

టాస్క్‌బార్, కీలు

స్టార్ట్ బటన్‌ని అన్ని మెషిన్లలో ఎడమకి తెచ్చాం. మధ్యలో ఉంటే తెరిచిన ప్రోగ్రాముల సంఖ్యని బట్టి అది పక్కకి జరుగుతూ ఉంటుంది, చెయ్యి అలవాటు పడదు. మూలలో ఉంటే చూడకుండా మౌస్ విసిరినా అక్కడే ఆగుతుంది. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో అలైన్‌మెంట్ మార్చితే చాలు.

షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో "షార్ట్‌కట్ కీ" అనే గడిలో ఒక అక్షరం కొడితే కంట్రోల్, ఆల్ట్, ఆ అక్షరం కలిపి నొక్కితే తెరుచుకునేలా అవుతుంది. షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీదో స్టార్ట్ మెనూ ఫోల్డర్లోనో ఉంటేనే ఇది పనిచేస్తుంది, వేరే ఫోల్డర్లో ఉంటే నొక్కినా కదలదు. అఫిడవిట్, అర్జీ నమూనాలకి ఇలా కీలు ఇచ్చాం. 4 అంకె మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. ఇంగ్లిష్ ఇండియా కీబోర్డులో కంట్రోల్, ఆల్ట్, 4 అంటే రూపాయి గుర్తు. బిల్లులు టైపు చేసేటప్పుడు ₹ పడాల్సిన చోట వర్డ్ కొత్త ఫైలు తెరుస్తుంది.

దాచుకున్నవి, మిగిలినవి

ఒక పెన్‌డ్రైవ్‌లో ఇవి ఉన్నాయి: "0 షాపు పనులు" ఫోల్డర్, టెంప్లేట్ల ఫోల్డర్, ఒక్కో మెషిన్ స్టార్ట్2.బిన్ ఆ మెషిన్ పేరుతో విడి ఫోల్డర్లో, రిజిస్ట్రీ మార్పు ఫైలు, ఓపెన్ షెల్ ఎక్స్‌ఎంఎల్, ప్రింటర్ల పేర్లు రాసిన చిన్న నోట్. కొత్త మెషిన్ మీద వరుస కూడా ఇదే: ముందు ప్రోగ్రాములు, తర్వాత ప్రింటర్ల పేర్లు, టెంప్లేట్లు, షార్ట్‌కట్లు, ఆఖర్న పిన్నుల ఫైలు. పిన్నుల ఫైలు ముందు వేస్తే అప్పటికి లేని ప్రోగ్రాముల పిన్నులు రాలిపోతాయి.

పెద్ద అప్‌డేట్ తర్వాత చూడాల్సినవి: రికమెండెడ్ స్విచ్‌లు మళ్లీ ఆన్ అయ్యాయా, జాబితా లిస్ట్ రూపంలోనే ఉందా, కౌంటర్‌లో సెర్చ్ చేస్తే వెబ్ ఫలితాలు వస్తున్నాయా, ఓపెన్ షెల్ తెరుచుకుంటోందా.

రెండో టైపింగ్ మెషిన్‌కి ఇంకా పాత మెనూయే ఉంది. అది మారినప్పుడు "మోర్ పిన్స్" ఎంపిక ఉండదు కాబట్టి పిన్నులన్నీ చూపే స్విచ్ వేసి, స్టార్ట్2.బిన్ మళ్లీ కాపీ తీసుకోవాలి. అద్దె ఒప్పందం టెంప్లేట్‌లో రెండో పేజీ మార్జిన్ స్టాంపు పేపర్‌కి సరిపోవడం లేదు, అది దిద్దాక అన్ని మెషిన్లలో ఆ ఒక్క ఫైలు మార్చాలి.